సుజాత ఇంట్లో తాగిన చన్నీళ్ళు

నా ఎడమ దవడలో మూడు పళ్ళు లేవు. వాటి కింద ఉండాల్సిన ఎముకలో కొంత భాగమూ లేదు. ఆ చోట ఒక లోహపు పట్టీ ఉంది. కింది పెదవి ఎడమ సగం ఇంకా మొద్దుబారే ఉంటుంది. అన్నం మెతుకు అంటుకున్నా నాకు తెలియదు, ఎదుటివాళ్ళు చెప్పాలి. చూసి కూడా చెప్పనివాళ్ళు ఎవరెవరో నాకు గుర్తుంటుంది.

ఇవి తప్ప బాగానే ఉన్నాను. ఎల్లారెడ్డిలో మా వాడ అంగన్‌వాడీకి మళ్ళీ వెళ్తున్నాను. పిల్లలకు పాటలు చెబుతున్నాను. గుడ్లు మరీ చిన్నవి వచ్చినప్పుడు పైవాళ్ళకు ఫిర్యాదు రాస్తున్నాను. మొన్న గుడ్లు తీసుకోవడానికి వచ్చిన ఒక బాలింత, తన భర్త దవడలో నీటి తిత్తి ఉందని డాక్టరు చెప్పాడని, కడిగేస్తే పోతుందన్నాడని అంటూ, "టీచరమ్మా, నీకు గూడ మొదాలు గట్లనే అన్నరంట గదా?" అని అడిగింది.

అన్నారు. ఎవరన్నారో, ఎప్పుడన్నారో, ఎటు చూస్తూ అన్నారో అంతా జ్ఞాపకమే. నిలబడి చెప్పబోతే ఆమె చంకలో పిల్ల ఏడుపు అందుకుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

వాపును మొదట చూసింది మా సెంటర్‌లోని నాలుగేళ్ళ పిల్ల. నాట్ల కాలం, బయట ముసురు. పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి పప్పన్నం పెడుతున్నాను. ఆ పిల్ల నా మొహం వైపు అదే పనిగా చూసి, పక్కనున్న దానితో, "టీచర్ లడ్డు తింటున్నది. మనకు పెడ్తలేదు," అంది. అన్ని తలలూ నా బుగ్గ వైపు తిరిగాయి. నోరు తెరిచి చూపించాను. లడ్డు లేదని నమ్మడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది. నమ్మిన తర్వాత కూడా ఒకడు నా కొంగు ముడి విప్పి చూశాడు.

ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే నిజమే. ఎడమ బుగ్గ కింద, దవడ ఎముక మీద ఉబ్బు. నొక్కితే గట్టిగా ఉంది, నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను మోసం చేసింది. నొప్పి ఉంటే దవాఖానకు పరిగెత్తేదాన్ని. లేదు కాబట్టి పక్కింటివాళ్ళ అభిప్రాయాలు వింటూ కూర్చున్నాను. ఒకరు గవదబిళ్ళ అన్నారు. ఒకరు జ్ఞానదంతం అన్నారు. మందుల దుకాణం అతను నా నోరు చూడకుండానే గోలీలు ఇచ్చాడు. మా వాడలో ఒకామె, పేరు రాయను, చదివితే ఆమెకే తెలుస్తుంది, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి "టీచర్ చాటుకు జర్దా పెట్టుకుంటదేమో" అందట. నేను పుట్టి బుద్ధెరిగాక వక్కపలుకు కూడా నమలలేదు.

దసరా పోయింది, వాపు పోలేదు. వెనక పన్ను కొద్దిగా కదులుతున్నట్టు, పక్కదానికి ఎడంగా జరిగినట్టు అనిపించేది. మా ఆయనతో చెప్పాను. ఆయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి లోపల రాగి తీగ మళ్ళీ చుడతాడు. ఆయన టార్చిలైటు వేసి, మోటారులోకి చూసినట్టే నా నోట్లోకి తొంగి చూసి, "లోపల ఏదో అయింది. ఇప్పకుంట చెప్పరాదు," అన్నాడు. భార్య నోటి గురించి మాట్లాడే పద్ధతా అది అని ఆ పూట ఆయనకు చాయ్ ఇవ్వలేదు.

కామారెడ్డిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది శివరాత్రి అయ్యాక. మేడ మీద క్లినిక్. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు తెల్లటి పళ్ళతో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మ కింద మేమందరం బుగ్గలు పట్టుకుని కూర్చున్నాం. పిలుపు వచ్చాక లోపలికి వెళ్తే డాక్టరు కుర్రవాడు. నోట్లో చిన్న ఎక్స్‌రే తీశాడు. తెర మీద పన్ను వేరు కింద నల్లగా, గుండ్రంగా ఒక నీడ.

"ఈ పన్ను ఎప్పుడో పుచ్చి లోపల చచ్చిపోయింది. దాని వేరు కింద నీటి తిత్తి కట్టింది. చాలామందికి వస్తుంది. వేరు శుభ్రం చేసి, తిత్తి తీసేస్తే సరిపోతుంది," అన్నాడు. నాతో కాదు, మా ఆయనతో. నోరు నాది. తర్వాత నా వైపు తిరిగి, "ఏం కాదు పెద్దమ్మా, భయపడకు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించు. చల్లటివి తగలనియ్యకు," అన్నాడు.

నాకప్పుడు నలభై రెండేళ్ళు. అతనికి ముప్పై దాటి ఉంటాయి. పెద్దమ్మ!

అయినా చెప్పింది చెప్పినట్టే చేశాను. రేపు ఏదైనా తేడా వస్తే నువ్వే చేయలేదని అనడానికి అతనికి అవకాశం ఇవ్వకూడదు. ఎండలు ముదిరినా గోరువెచ్చని నీళ్ళే తాగాను. బడికి పోయినా, బస్సెక్కినా నా సీసా నాతోనే. వేరు పనికి ఉగాది ముందు రమ్మన్నాడు.

ఇక్కడ సుజాత గురించి చెప్పాలి. సుజాత మా ఆయన చెల్లెలు, నాకు ఆడబిడ్డ. భర్తకు కరెంటాఫీసులో ఉద్యోగం. వాళ్ళ ఇల్లు కామారెడ్డిలో, ఆ క్లినిక్‌కు రెండు వీధుల అవతలే. ఆ ఇంటికి పాలు పొంగించిన రోజున పుట్టింటివాళ్ళంగా మేము బట్టలు పెట్టాం. భోజనాల్లో మొదటి బంతిలో కూర్చున్నాను. ఇస్తారి వేశారు. నీళ్ళు చల్లుకున్నాను. పప్పు వడ్డించారు. అప్పుడే ఆమె భర్త ఆఫీసువాళ్ళు జీపు దిగారు. సుజాత పరిగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా, "వదినె, నువ్వు ఇంటిదానివే గదా. జర లెవ్వు, సార్లను కూసోబెడ్త," అంది.

లేచాను. పప్పు వడ్డించిన ఇస్తారిని అట్లాగే మడిచి పక్కన పడేసి, ఆ చోట కొత్తది వేశారు. ఒక పెద్దసారు కూర్చుని మూడుసార్లు పప్పు వేయించుకున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి, "ఇగ నీ ఇంట్ల మంచినీళ్ళు గూడ ముట్ట సుజాతా," అన్నాను.

ఆరేళ్ళు ముట్టలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే మాట్లాడేదాన్ని. ఆమె మా ఇంటికి వస్తే నాలుగు కూరలు వండేదాన్ని, నేను లోటు చేశానని ఆమెకు ఒక్క మాట కూడా దొరకకూడదని. ఆమె ఇంటికి వెళ్ళాల్సి వస్తే మాత్రం వరండా దాటను, నా సీసా వదలను. మా ఆయన లోపలికి పోయి చెల్లెలి చేతి వంట హాయిగా తిని వచ్చేవాడు. దాన్ని విడిగా గుర్తుపెట్టుకున్నాను.

ఉగాది ముందు క్లినిక్‌కు వెళ్ళేసరికి కరెంటు లేదు. మధ్యాహ్నం రమ్మన్నారు. ఎండ పేలిపోతోంది. మా ఆయన చెమట తుడుచుకుంటూ, "సుజాత ఇంటికి పోదాం. నువ్వు లోపలికి రాకు, వరండల్నే కూసో. ఎవ్వలు బలవంతం జెయ్యరు," అన్నాడు. వెళ్ళాం. వరండాలో కుర్చీలో కూర్చున్నాను. సుజాత గడప దగ్గర నిలబడింది.

"లోపలికి రా వదినె. ఇన్వర్టరున్నది, ఫ్యాను తిరుగుతున్నది."

"గీడ గాలి మంచిగనే వస్తున్నది."

"ఏడికెల్లి వస్తున్నది? జామ చెట్టు ఆకు గూడ కదుల్తలేదు."

డాక్టరు దగ్గరికి వచ్చే ముందు వేసుకోమన్న గోలీ ఒకటి ఉంది. కొంగు ముడిలోంచి అది తీసి, సీసా కోసం సంచీలో చెయ్యి పెట్టాను. సీసా లేదు. తలెత్తి చూస్తే సుజాత జామ చెట్టు కింద నిలబడి నా సీసాను తలకిందులుగా పట్టుకుని ఉంది. చివరి చుక్కలు పడుతున్నాయి.

"ఏం జేస్తున్నవే?"

"చెట్టుకు నీళ్ళు పోస్తున్న."

"అవి నా నీళ్ళు!"

"తెల్సు. ఆరేండ్ల సంది చూస్తున్న ఈ సీసను. ఎల్లారెడ్డి నీళ్ళు ఒడిసినయ్ వదినె. ఇప్పుడు గోలీ ఏసుకోవాలంటే కామారెడ్డి నీళ్ళే దిక్కు."

మా ఆయన జామకాయలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాడు. సుజాత లోపలికి పోయి స్టీలు గ్లాసు తెచ్చింది. ఫ్రిజ్ నీళ్ళు. గ్లాసు మీద చెమట పట్టి ఉంది. చల్లటివి వద్దు, గోరువెచ్చనివి ఇమ్మని అడగవచ్చు. కానీ అడిగితే ఆ ఇంట్లో నేను నోరు తెరిచి నీళ్ళు అడిగినట్టవుతుంది. గతిలేక తాగడం వేరు, అడిగి తాగడం వేరు. ఆ తేడా నాకు ముఖ్యం. గోలీ నోట్లో వేసుకుని గటగటా తాగాను.

ఎడమ దవడ జిల్లుమంది. చెవి దాకా, కణత దాకా సూది దూసుకుపోయినట్టు. గ్లాసు చేతిలోంచి జారి వరండా మెట్ల మీద దొర్లింది. నా కేకకు పక్కింటామె గోడ మీంచి చూసింది.

"ఏమైంది వదినె?" సుజాత నా మొహం పట్టుకుంది.

"పన్ను జిల్లుమన్నది."

"ఏ పన్ను?"

"గదే. చచ్చిందన్న పన్ను."

సుజాత నా మొహం వదిలేసింది. "చచ్చిన పన్ను ఎట్ల జిల్లుమంటది?" అంది. తన నోరు తెరిచి వెనక పన్ను చూపించింది. "గిదానికి వేరు దీసి తొడుగేసిండ్రు. ఐసుగడ్డ పెట్టినా నాకు తెల్వది. నీది బతికే ఉన్నది వదినె. మల్లొక్కసారి తాగు."

"నేనెందుకు తాగుత?"

"ఎట్లాగు ముట్టినవ్ గదా. ఒక్కసారైనా ఒక్కటే, రెండుసార్లైనా ఒక్కటే."

తాగాను. మళ్ళీ జిల్లుమంది. సుజాత చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. నువ్వు చెప్పవు. నిన్ను పెద్దమ్మ అన్నడని ఆయనతోని సక్కగ మాట్లాడవట."

పెద్దమ్మ సంగతి చేరవేసింది ఎవరో చెప్పక్కర్లేదు. ఆయన ఇంకా జామకాయలే చూస్తున్నాడు.

క్లినిక్‌లో డాక్టరు సూది మందు సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఆ సూది పడితే దవడ మొద్దుబారిపోయేది, పన్ను బతికుందో చచ్చిందో ఇంకెవరికీ తెలిసేది కాదు. సుజాత నా కుర్చీ పక్కన నిలబడి చన్నీళ్ళ సంగతంతా చెప్పింది. అతను వింటూ వింటూ సూదిని పళ్ళెంలో పెట్టేశాడు. దూదికి ఏదో చల్లటి మందు కొట్టి, కుడి వైపు నుంచి ఒక్కొక్క పన్నుకే తాకిస్తూ వచ్చాడు. ఎడమ వైపు ఆ పన్నుకు తాకించగానే కుర్చీలో ఎగిరిపడ్డాను. దాని వెనకదానికీ అంతే. నేను గట్టిగా పట్టుకున్న చెయ్యి ఎవరిదో తర్వాత చూసుకున్నాను. సుజాతది.

"ఈ పళ్ళు బతికే ఉన్నాయి మేడమ్," అన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి మేడమ్‌నయ్యాను.

తల చుట్టూ తిరిగే యంత్రంలో నిలబెట్టి పెద్ద ఎక్స్‌రే తీయించాడు. ఈసారి తెరను నా వైపే తిప్పాడు. నీడ ఒక పన్ను వేరు దగ్గర ఆగలేదు. అక్కడి నుంచి వెనక్కి, చెవి వైపుకు పాకింది. దాని మీద నిలబడ్డ పళ్ళ వేర్లు కొసలు కొరికేసినట్టు పొట్టిగా ఉన్నాయి. పన్ను చస్తే దాని వేరు దగ్గర తిత్తి పుడుతుందని, పళ్ళు బతికుండగా ఇంత నీడ ఉందంటే వేరే అనుమానం పడాలని, తిత్తిలాగే కనబడే గడ్డలు కొన్ని ఉంటాయని నెమ్మదిగా చెప్పాడు. "ఏదన్నది ఎక్స్‌రే చూసి చెప్పలేను. ముక్క తీసి పరీక్షకు పంపాలి. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు రాసిస్తాను. ఈ చల్లటి పరీక్ష నేను మొదటి రోజే చేయాల్సింది మేడమ్." ఆ చివరి మాట అన్నందుకు పెద్దమ్మను సగం మాఫీ చేశాను.

"క్యాన్సరా సార్?" అని మా ఆయన అడిగాడు. ఆ మాట మా ముగ్గురిలో ఎవరో ఒకరు అనాల్సిందే. ముక్క చూస్తే తప్ప చెప్పలేనన్నాడు డాక్టరు.

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలుకతో ఆ పళ్ళను తడుముతూ వచ్చాను. నా భయం చావు గురించి అంటే అబద్ధం. నోరు పోతుందేమోనని భయం. నేను పిల్లలకు పాట చెప్పి, కథ చెప్పి బతికేదాన్ని. తప్పు జరిగితే ఎవరి ముందైనా నిలబడి అడిగేదాన్ని. దవడ పోతే ఇవన్నీ ఎవరు చేస్తారు?

ఇంట్లో ఇంకో కథ మొదలైంది. షాపుకు వచ్చే రైతులు మా ఆయన చెవిలో ఏవేవో పోశారు. వారం పాటు హైదరాబాద్ మాట ఎత్తలేదు. అడిగితే చివరికి, "కత్తి తగిలితే గడ్డ రేగుతదంట. పిట్లంల ఒకాయనకు ముక్క దీసినంక..." అని ఆగిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు చూసి నాకూ ధైర్యం పోయింది. వద్దులే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మానేయడానికి అంత దగ్గర దాకా వచ్చాం.

ఆ మధ్యాహ్నమే సుజాత ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను.

"అన్నా, ఎన్నడు పోతున్నరు హైదరాబాద్‌కు?"

"ముక్క దీస్తే రేగుతదంటున్నరే చెల్లె."

"ఎవ్వలంటున్నరు?"

"షాపుకాడ అందరంటున్నరు."

"సరే గని, మోటారు ఇప్పకుంట లోపల ఏం గాలిందో నువ్వు చెప్తవా?"

మా ఆయన తల గోక్కున్నాడు.

"చెప్పు అన్నా. ఎవరన్న మోటారు దెచ్చి, ఇప్పకుంట బాగుజెయ్యి, ఇప్పితే ఎక్కువ కాల్తది అంటే నువ్వేమంటవ్?"

"ఎల్లగొడ్త," అన్నాడు.

"మరి?"

మర్నాడు షాపుకు తాళం వేశాడు. యాసంగి చివర్లో, ఊరి మోటార్లన్నీ కాలిపోయే రోజుల్లో ఆయన షాపు మూయడం ఎల్లారెడ్డిలో ఎవరూ చూడలేదు.

హైదరాబాద్ దవాఖానలో ఎదురుచూపుల హాలు పెద్దది. చాలామంది నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు. నన్ను చూసిన ప్రతి మనిషీ అడిగిన మొదటి మాట, "ఎన్నేండ్లు తిన్నవమ్మా గుట్కా?" తినలేదంటే నమ్మరు. సుజాత మా వెంటే వచ్చింది. ఒకామె రెండోసారి అడిగితే, "మా వదినె నోట్లకెల్లి తిట్లు తప్ప ఏం రావు, ఏం పోవు," అంది. పొగిడిందో తిట్టిందో తేలలేదు గానీ ఆమె మళ్ళీ అడగలేదు. నిజాంసాగర్ నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక ముసలమ్మ నేను బిస్కెట్ నమలడానికి తంటాలు పడటం చూసి, తన చాయ్ గ్లాసు నా ముందుకు జరిపి, "ఇండ్ల ముంచుకో బేటీ, మెత్తగైతది," అంది. తను చాయ్ లేకుండానే కూర్చుంది. ఆమె పేరు అడగకపోవడం నా తప్పు కాదు, అప్పుడే నన్ను లోపలికి పిలిచారు.

ముక్క తీయడం తుమ్మినంత సేపు పట్టింది. జవాబు రావడమే చాలా రోజులు పట్టింది. ఆ రోజుల గురించి రాయను. మా ఆయన ఉప్పు లేని కూర కూడా మాట్లాడకుండా తిన్నాడని మాత్రం చెబుతాను.

జవాబు చెప్పింది ఒక లేడీ డాక్టరు. "క్యాన్సర్ కాదు," అంది ముందు. మా ఆయన గోడకు ఆనుకున్నాడు. "అలాగని మామూలు తిత్తి కూడా కాదు. ఎముకను లోపల్నుంచి తింటూ పెరిగే గడ్డ." దాని పేరు అమెలోబ్లాస్టోమా. నాకు నోరు తిరగడానికి నాలుగు రోజులు పట్టింది. గీకేసి వదిలితే మళ్ళీ వస్తుందని, నాకున్న రకానికి చుట్టూ కొంచెం మంచి ఎముకతో సహా తీయాలని, పట్టీ వేస్తారని, మాట వస్తుందని చెప్పింది. తిత్తి అనుకుని కడిగేసి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండేది. తర్వాత ఇంకా ఎక్కువ ఎముక పోయేది," అంది.

"మాట పక్కాగ వస్తది గదా మేడమ్?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. బయటికి వచ్చాక, "నువ్వు మాట్లాడకపోతే ఇంట్ల నాకు మనసున పట్టది," అన్నాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళకు అన్న మాట. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఆపరేషన్ నడి ఎండాకాలంలో అయింది. మా ఇద్దరు పిల్లలకు పరీక్షలు, మా ఆయనకు షాపు. పైగా ఆడవాళ్ళ వార్డులో తోడు ఆడమనిషే ఉండాలన్నారు. సుజాత తన ఇల్లు భర్తకు అప్పజెప్పి వచ్చేసింది. కళ్ళు తెరిచేసరికి ముక్కులోంచి గొట్టం, మూతి చుట్టూ కట్టు. మాట లేదు. నాకు చెప్పాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి. పక్క మంచం వాళ్ళ ఫోను మోగుతూనే ఉంది. దుప్పటికి మరక ఉంది. పాలు గొట్టంలోకి మరీ తొందరగా పోస్తున్నారు.

సుజాత నా కళ్ళు చూసి నర్సును పిలిచింది. "సిస్టరమ్మా, మా వదినె ఏమంటున్నదంటే, ఈ దుప్పటి మార్చాల్నట. పాలు నెమ్మదిగ పొయ్యాల్నట. ఆ ఫోను బందు పెట్టకుంటే పైవాళ్ళకు రాస్తదట."

"ఆమె ఏమీ అనలేదు కదమ్మా?" అంది నర్సు.

"అంటున్నది. మీకు వినబడ్తలేదు."

ఉన్నన్ని రోజులూ ఇదే పని. ఒక్క ఫిర్యాదు తప్పిపోలేదు. ఒకటి రెండు నేను అనుకోనివి కూడా కలిపి చెప్పింది. రోజూ నా జడ వేసేది. చీము, రక్తం తుడిచేటప్పుడు మొహం ఒక్కసారైనా చిట్లించలేదు. చిట్లిస్తుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను.

గొట్టం తీసి చెంచాతో నీళ్ళు తాగించమన్న రోజు మధ్యాహ్నం, వార్డులో అందరూ కునుకు తీస్తుంటే, సుజాత చెంచా నా పెదవి దగ్గర పెట్టి ఉన్నట్టుండి, "వదినె, ఆ దినం జీపు దిగినోళ్ళు ఆరుగురు, చోటు ఒక్కటి తక్కువైంది," అంది. "బంతి నిండ మా ఆయన తరఫు చుట్టాలే. వాళ్ళల్ల ఎవ్వల్ని లేపినా నన్ను బతకనియ్యరు. సుట్టు చూస్తే నా మనిషంటూ నువ్వొక్కదానివే ఉన్నవు. నిన్ను గాకపోతే ఎవల్ని లేపుత?"

నేను చెప్పాల్సిన జవాబు ఆరేళ్ళుగా సిద్ధంగా ఉంది. సొంతమనిషి అయితే ముందే చెవిలో చెప్పాలి, ఇస్తారి మడిచి అవతల పడేయకూడదు, రెండో బంతికి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. అన్నీ వరుసగా ఉన్నాయి. కానీ దవడకు ఇంకా కట్టు ఉంది. నేను మాట్లాడలేనని చూసుకునే ఆమె ఈ మాట ఎత్తింది. నీళ్ళు మింగాను. ఇంకో చెంచా కావాలని కళ్ళతోనే చెప్పాను. ఇచ్చింది.

వానలు పడేనాటికి ఎల్లారెడ్డి వచ్చేశాను. మొదట పాలు, జావ. తర్వాత మెత్తగా పిసికిన అన్నం. బడికి వెళ్ళిన రోజు లడ్డు పిల్ల నా బుగ్గ వైపు పరీక్షగా చూసి, "మింగేసింది," అని అందరికీ చెప్పింది. జర్దా అన్న ఆమె పండ్లు తీసుకుని చూడటానికి వచ్చింది. ఆపిల్స్ తెచ్చింది. నేను నమలలేనని తెలియదో, తెలిసి తెచ్చిందో ఇంకా తేల్చుకోలేదు.

ఆ బాలింత కోసం, ఆమెలాంటివాళ్ళ కోసం ఇంత మాత్రం చెబుతాను. దవడలో కనిపించే నీడల్లో చాలావాటికి తిత్తే కారణమట, భయపడవద్దు. కానీ పన్ను చచ్చిందన్నప్పుడు, చల్లటిది తాకించి చూశారా అని అడగండి. నొప్పి లేకుండా వాపు పెరుగుతున్నా, పళ్ళు జరుగుతున్నా పెద్ద ఎక్స్‌రే తీయమని అడగండి. తిత్తి తీశాక దాన్ని పారేయకుండా పరీక్షకు పంపుతారా అని అడగండి. ముక్క తీస్తే రేగుతుందన్నవాళ్ళ మాట వినకండి. మా ఆయన కూడా ఇప్పుడు షాపుకు వచ్చేవాళ్ళకు అదే చెబుతున్నాడు. అడిగితే డాక్టర్లకు కోపం వస్తుందేమో అనుకోవద్దు. కామారెడ్డి డాక్టరుకు రాలేదు. ఇప్పుడు దవడ వాపుతో ఎవరు వచ్చినా ముందు చల్లటి దూది పెట్టి చూస్తున్నాడట. మొన్న కలిస్తే లేచి నిలబడి కుర్చీ వేశాడు. మిగతా సగం కూడా మాఫీ చేశాను.

పోయిన కార్తీకంలో సుజాత సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. నా ఆపరేషన్ రోజు మొక్కుకుందట. వెళ్ళాం. సంచీలో సీసా పెట్టుకోలేదు. మర్చిపోయానని మా ఆయనతో అన్నాను. ఆయన జామ చెట్టు వైపు చూశాడు.

మొదటి బంతిలో సుజాతే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇస్తారి వేసి మెత్తటి అన్నం, పప్పు విడిగా తెచ్చి వడ్డించింది. నేను తినడం ఇప్పుడు చాలా నెమ్మది. ఒక్క కుడి వైపే నమలాలి, చిన్న ముద్దలే పెట్టుకోవాలి, మధ్యమధ్య పెదవి తుడుచుకోవాలి. నేను సగం తినేసరికి బంతిలో అందరూ లేచారు. కరెంటాఫీసు సార్లు వచ్చి చేతులు కడుక్కుని గోడవారగా నిలబడ్డారు. ఆనాడు మూడుసార్లు పప్పు వేయించుకున్న పెద్దసారు కూడా ఉన్నాడు. జుట్టు కొంచెం పలచబడింది, అయినా గుర్తుపట్టాను. అందరి ఇస్తార్లూ తీసేశారు. తీసే అతను నా దాకా వచ్చి వంగాడు.

"ఏయ్, గది ముట్టకు," అంది సుజాత. "మా వదినె తింటున్నది."

"సార్లు నిలబడ్డరు చెల్లె," అని ఎవరో గొణిగారు.

"నిలబడనియ్యి. సార్లకు కాళ్ళున్నయ్."

అంత పొడవైన చాప మీద నేనొక్కదాన్నే. తొందరపడదామా అని ఒక్క క్షణం అనిపించింది. పడలేదు. ముద్ద తర్వాత ముద్ద, కుడి వైపు నమిలి, మింగి, పెదవి తుడుచుకుని తిన్నాను. ఎడమ వైపు మెతుకు అంటుకుంటే సుజాత తన కొంగుతో తీసింది. చెప్పకుండానే.

చివరి ముద్ద దగ్గర ఆగి ఆమె వైపు చూశాను.

"పప్పుల ఉప్పు తక్కువైంది సుజాతా."

"ఇంకా అంటలేవేందా అని చూస్తున్న," అంటూ ఆమె కొంగు చాటు నుంచి ఉప్పు డబ్బా తీసింది.